బ్రాయిలర్ షెడ్డు వేసే ముందు: కోడి ధరలో ఎవరి వాటా ఎంత?

కవరైపేట్టై మీదుగా పోయే చెన్నై–కోల్‌కతా హైవే పక్కన తెల్లవారుజామున కాసేపు నిలబడితే, ప్లాస్టిక్ పెట్టెల నిండా తెల్లకోళ్ళతో చెన్నై వైపు పోయే బండ్లు కనిపిస్తాయి. ఆదివారం అంగడి ముందు నిలబడి ధర అడిగేటప్పుడు తప్ప ఆ కోళ్ళ గురించి మనం పెద్దగా ఆలోచించం. కానీ ఎకరమో అరెకరమో మిగిలి ఉన్న మన ఇళ్ళలో ఇప్పుడు ఇంకో ప్రశ్న వినబడుతోంది. వరి వేస్తే కూలి ఖర్చులు కూడా రావడం లేదు, పిల్లలు గుమ్మిడిపూండి సిప్కాట్ ఫ్యాక్టరీలకు పోతున్నారు, ఉన్న నేలను ప్లాట్లు వేసేవాళ్ళకు అమ్మడానికి మనసు రాదు. అలాంటి ఇంటికి ఒకరు వచ్చి, "షెడ్డు మీరు వేయండి చాలు. పిల్ల మాది, మేత మాది, మందు మాది, అమ్ముకునే బాధ కూడా మాదే" అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఆ మాటలో చెప్పకుండా వదిలేసిన లెక్క ఒకటి ఉంది. దాన్ని ఈ వ్యాసంలో వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఒక మనవి. ఇక్కడ రూపాయల్లో రాసినవన్నీ లెక్క అర్థం కావడానికి మేము వేసుకున్న ఊహ అంకెలు. మేత ధర, కోడి ధర వారం వారం మారుతుంటాయి. వాటి చోట మీ ఊళ్ళో నడుస్తున్న ధరలు వేసి చూసుకోండి, లెక్క వేసే పద్ధతి మారదు.

ఈ వ్యాపారం మన దగ్గరికి ఎలా వచ్చింది

కోళ్ళ పెంపకాన్ని మన దేశంలో పెద్ద పరిశ్రమగా మార్చినవారిలో తెలుగువారి పేర్లు ముందు వరుసలో ఉంటాయి. పుణెలో 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ మొదలుపెట్టిన డాక్టర్ బి.వి. రావు తెలుగువారే. గుడ్ల రైతులందరినీ కూడగట్టి 1982లో నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) ఏర్పడడానికి ఆయనే కారకులు. మనకు పొరుగునే ఉన్న చిత్తూరులో పశువైద్యుడైన డాక్టర్ ఉప్పలపాటి సుందరనాయుడు బాలాజీ హ్యాచరీస్ స్థాపించారు. ఇటు తమిళనాట కోయంబత్తూరు సీమలో 1984లో ఉడుమలపేటలో మొదలైన సుగుణ సంస్థ, 1990ల తొలినాళ్ళలో కాంట్రాక్టు పెంపకాన్ని రైతుల దగ్గరికి తెచ్చింది. పిల్లనూ మేతనూ కంపెనీ ఇచ్చి, పెంచినందుకు రైతుకు కిలోకు ఇంత అని కూలి కట్టే పద్ధతి అది. తరువాత ఎన్నో కంపెనీలు అదే దారి పట్టాయి. 2019 పశుగణనలో కోళ్ళ సంఖ్యలో తమిళనాడు దేశంలో మొదటి స్థానంలోనూ, ఆంధ్రప్రదేశ్ రెండవ స్థానంలోనూ నిలిచాయి. మనం సరిగ్గా ఆ రెండింటి సరిహద్దులో ఉన్నాం.

ఈ పద్ధతి మన దేశంలో పుట్టింది కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రానికి చెందిన జెస్సీ జ్యూవెల్ అనే మేత వ్యాపారి, 1930లలో రైతుల దగ్గర మేత కొనడానికి డబ్బు లేకపోతే పిల్లలనూ మేతనూ అప్పుగా ఇచ్చి, పెరిగిన కోళ్ళను తానే తీసుకునేవాడు. తన మేత అమ్ముడుపోవడమే ఆయనకు కావలసింది. ఇప్పటికీ ఈ వ్యాపారం మేత చుట్టూనే తిరుగుతోంది.

గుడ్ల రైతుకూ బ్రాయిలర్ రైతుకూ ఉన్న తేడాను ఇక్కడే చెప్పాలి, చాలామంది రెంటినీ కలిపేస్తారు. నామక్కల్‌లో గుడ్లకోళ్ళు పెంచే రైతుకు కోడి తనది, గుడ్డు తనది. నెక్ నినాదం కూడా "నా గుడ్డు, నా ధర, నా జీవితం" అనే. కాంట్రాక్టు బ్రాయిలర్ రైతు షెడ్డులో ఉన్న కోడి అతనిది కాదు, మేత బస్తా అతనిది కాదు, ధర అతను అడిగేది కాదు. షెడ్డు, నీళ్ళు, కరెంటు, ఊక, కాయకష్టం అతనివి. బ్యాంకు అప్పు కూడా అతనిదే.

నలభై రోజుల కోడి

కంపెనీ బండిలో వచ్చే ఒక్కరోజు పిల్ల 40 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 38 నుంచి 42 రోజుల్లో అది రెండు కిలోలు దాటుతుంది. అంతలో అది తినే మేత మూడుంపావు నుంచి మూడున్నర కిలోలు. తిన్న మేతను పెరిగిన బరువుతో భాగిస్తే వచ్చేదే ఎఫ్.సి.ఆర్. సూపర్‌వైజరు వచ్చినప్పుడల్లా ఆయన నోట వినబడే మాట ఇదే. 3.3 కిలోల మేతతో రెండు కిలోల కోడి వస్తే ఎఫ్.సి.ఆర్. 1.65.

ఇంత త్వరగా పెరగడం చూసి "హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తారు" అని మన ఇళ్ళలో ఇప్పటికీ అంటుంటారు. వేలాది కోళ్ళను ఒక్కొక్కటిగా పట్టుకొని సూది వేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు, అవసరమూ లేదు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు 1957 నాటి జాతినీ 2005 నాటి జాతినీ పక్కపక్కన ఒకే మేతతో పెంచి చూశారు. 56వ రోజున పాత జాతి 905 గ్రాములు తూగింది, కొత్తది 4,202 గ్రాములు. ఆ తేడా అంతా తరతరాలుగా ఏరి చేసిన జాతి ఎంపికది. భయపడవలసింది హార్మోన్లకు కాదు, యాంటీబయాటిక్ మందుల విచ్చలవిడి వాడకానికి. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకోవలసిన కోలిస్టిన్ మందును మాంసానికి పెంచే జీవాలకు వాడరాదని కేంద్రం 2019 జులైలో నిషేధించింది.

కంపెనీ లెక్క

మేత కిలో 40 రూపాయలు అనుకుందాం. ఒక కోడికి మేత 132 రూపాయలు. పిల్ల 35, మందులూ టీకాలూ 4, రైతుకిచ్చే పెంపకపు కూలి కిలోకు 7 చొప్పున 14, బండి బాడుగ, సూపర్‌వైజరు, ఆఫీసు కలిపి 10. మొత్తం 195 రూపాయలు. అంటే బతికిన కోడి కిలో 97.50 పడుతుంది. ఈ 195లో మేతది నూటికి 68. రైతుది నూటికి ఏడు.

మేత కిలోకు ఒక్క రూపాయి పెరిగితే కిలో కోడి మీద రూపాయి అరవై అయిదు పైసలు పెరుగుతాయి. మేతలో సగానికి పైగా మొక్కజొన్న, పావు వంతుకు పైగా సోయా చెక్క. అందుకే మధ్యప్రదేశ్‌లో సోయా పంట ఎలా ఉంది, మొక్కజొన్న ఎంత ఇథనాల్ ఫ్యాక్టరీలకు పోతోంది అన్న మాటలు పల్లడంలో కోడి ధర మాట్లాడేవారి నోళ్ళలో నానుతుంటాయి. 2021లో సోయా చెక్క ధర ఆకాశానికి అంటినప్పుడు, ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం అనుమతి ఇవ్వవలసి వచ్చింది.

ఇప్పుడు ఎఫ్.సి.ఆర్. సంగతి చూడండి. అది 1.65 నుంచి 1.60కి దిగితే రెండు కిలోల కోడికి వంద గ్రాముల మేత మిగులుతుంది, అంటే 4 రూపాయలు. 4,800 కోళ్ళ మీద 19,200 రూపాయలు. రాత్రి రెండింటికి లేచి పరదాలు సరిచేసి, నీళ్ళ పైపు కారకుండా చూసి, మేత తొట్టి ఎత్తును వారానికోసారి పెంచి ఆ వంద గ్రాములు మిగిల్చేది రైతు. అందులో అతనికి ఎంత వస్తుందన్నది ఒప్పందంలో ప్రోత్సాహకం అనే వరుసలో ఉంటుంది. మేత ఎక్కువ తిన్నా, చావులు హద్దు దాటినా కోత వేసే వరుస కూడా అక్కడే ఉంటుంది. రెండూ కలిపి చదవాలి.

రైతు లెక్క

5,000 కోళ్ళ షెడ్డు తీసుకుందాం. కోడికి 1.2 చదరపు అడుగులు అనుకుంటే 6,000 చదరపు అడుగులు. రేకులు, మెష్, తొట్లు, నీళ్ళ లైను, బోరు అన్నీ కలిపి చదరపు అడుగుకు 250 వేసుకున్నా 15 లక్షలు. 5 లక్షలు చేతిది, 10 లక్షలు బ్యాంకుది. నూటికి ఏడాదికి 10 వడ్డీతో ఏడేళ్ళ అప్పయితే నెలకు దాదాపు 16,600 కట్టాలి, ఏడాదికి 1,99,200.

5,000 పిల్లల్లో నూటికి నాలుగు పోతే 4,800 మిగులుతాయి. రెండు కిలోల చొప్పున 9,600 కిలోలు. కిలోకు 7 రూపాయలు కూలి అయితే బ్యాచ్‌కు 67,200. ఊక లేదా కొబ్బరిపొట్టు, మొదటి రెండు వారాల వెచ్చదనానికి బొగ్గో గ్యాసో, కరెంటు, సున్నం, చిల్లర మరమ్మతులు కలిపి 24,000 పోతే 43,200 మిగులుతుంది. పని మొత్తం ఇంటివాళ్ళే చేస్తేనే ఈ మిగులు.

ఏడాదికి ఎన్ని బ్యాచ్‌లు? కోడి పెరిగేది ఆరు వారాలు, ఎత్తుకుపోయాక షెడ్డు కడిగి, సున్నం కొట్టి, ఆరబెట్టడానికి రెండు వారాలు. అంటే ఏడాదికి ఆరు బ్యాచ్‌లు పడవచ్చు. ఆరు పడితే 2,59,200 చేతికి వస్తుంది, బ్యాంకుకు పోను 60,000 మిగులు. ఐదే పడితే 2,16,000, మిగులు 16,800. నాలుగే పడితే 1,72,800, బ్యాంకుకే 26,400 తక్కువ పడుతుంది. నెలకు 12,000 జీతానికి మనిషిని పెట్టుకుంటే, ఆరు బ్యాచ్‌లు పడిన ఏడాదిలో కూడా అప్పు వాయిదాకు చాలదు. ఎరువు అమ్మితే కొంత చేతికొస్తుంది, దాన్ని ఈ లెక్కలో కలపలేదు. గాలికి రేకులు లేచిపోతే అయ్యే ఖర్చు కూడా కలపలేదు.

షెడ్డు చూపించి మాట్లాడేవారు "కిలోకు ఎంత" అని మాత్రమే చెబుతారు. వినేవారూ అంతే అడుగుతారు. మా అభిప్రాయంలో దానికన్నా ముందు అడగవలసింది ఏడాదికి ఎన్ని బ్యాచ్‌లు వేస్తారు అని. పిల్ల ఎప్పుడు దించాలన్నది కంపెనీ చేతిలో ఉంటుంది. మార్కెట్ పడిపోయినప్పుడు కంపెనీ తన నష్టం తగ్గించుకోవడానికి చేసే మొదటి పని పిల్లలు దించడం ఆపడం. అప్పుడు షెడ్డు ఖాళీగా ఉంటుంది, వాయిదా మాత్రం ఆగదు. ధర పడిపోయే ప్రమాదం కంపెనీదని చెప్పే మాట నిజమే అయినా, ఖాళీ షెడ్డు రూపంలో అందులో కొంత రైతు మీదికి వచ్చి పడుతుంది.

ఇంకో మాట కూడా చెప్పకుండా ఉండలేం. "ఇంటివాళ్ళే చేస్తే" అని పై లెక్కలో సులువుగా రాశాం. ఆ ఇంటివాళ్ళు అంటే చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు. మొదటి పది రోజులు పిల్లల దగ్గర నిద్రలేకుండా కాపలా ఉండేది, తెల్లారి చచ్చినవాటిని ఏరి పూడ్చేది, నీళ్ళ తొట్లు కడిగేది వాళ్ళే. ఫ్యాక్టరీకి పోయే కొడుకు జీతం ఇంట్లో అందరికీ తెలుసు. షెడ్డులో పనిచేసే కోడలికి ఇంత అని ఎవరూ లెక్క వేయరు. నెలకు పన్నెండు వేలు వేసి చూస్తే చాలా షెడ్లు నష్టంలో ఉన్నట్టే.

బోర్డు మీద ధర ఎక్కడ పుడుతుంది

గుడ్డుకు నామక్కల్ ధర ఎలాగో, తమిళనాట బతికిన బ్రాయిలర్‌కు పల్లడం ధర అలాగ. పల్లడంలోని బ్రాయిలర్ కోఆర్డినేషన్ కమిటీ రోజూ ఫారం దగ్గర ధర ప్రకటిస్తుంది. అది చూసుకొనే చెన్నై వ్యాపారులు, మన ఊరి అంగళ్ళు బోర్డు మార్చుకుంటాయి.

ఈ ధర ఇంత ఊగిసలాడడానికి కారణం కోడి స్వభావంలోనే ఉంది. బియ్యం బస్తాలాగా కోడిని గోదాములో ఉంచలేం. ఆరు వారాలు దాటిన కోడి రోజుకు 180 గ్రాములకు తక్కువ కాకుండా తింటుంది, పెట్టిన మేతకు తగ్గ పెరుగుదల మాత్రం రోజురోజుకూ తగ్గుతుంది. ధర పడిందని అందరూ నాలుగు రోజులు ఆగితే రెండు కిలోల కోళ్ళు రెండుంపావు, రెండున్నర కిలోలు అవుతాయి. మార్కెట్టుకు రావలసిన మాంసం తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది, ధర ఇంకా పడుతుంది.

ధర బాగున్నప్పుడు ఇంకో చిక్కు. ఈరోజు ధర చూసి కంపెనీ ఎక్కువ గుడ్లు పొదిగిస్తే పిల్ల రావడానికి 21 రోజులు, కోడి కావడానికి 40 రోజులు. రెండు నెలల తరువాత ఆ కోళ్ళన్నీ ఒకేసారి బయటికి వస్తాయి. గుడ్డు పెట్టే తల్లికోళ్ళను పెంచాలంటే వాటికే ఆరు నెలలు దాకా కావాలి. ఎనిమిది నెలల ముందు వేసుకున్న అంచనా మీద ఈ వారం ధర ఆధారపడి ఉంటుంది.

పండుగల లెక్క దీనికి తోడు. మన ఇళ్ళది రెండు పంచాంగాల బతుకు. పురటాసి వస్తే చుట్టుపక్కల తమిళ ఇళ్ళతోపాటు మనమూ శనివారాలు పెరుమాళ్ళకు ముద్ద పెట్టి నెలంతా మాంసం మానేస్తాం. అది అయిపోయిందనుకునేలోగా మన కార్తీకం వస్తుంది. దాని వెనకే అయ్యప్ప మాలలు. సెప్టెంబరు మధ్య నుంచి జనవరి దాకా దీపావళి లాంటి కొన్ని రోజులు తప్ప అమ్మకం మందకొడిగానే నడుస్తుంది. కనుమ నాడు ఒక్కసారిగా అంగడి ముందు వరుస కడతారు. ఆడి మాసంలో అమ్మవారి జాతరలకు, రంజాన్ నెలలో బిర్యానీకి మళ్ళీ గిరాకీ. పురటాసిలో దించాల్సిన కోళ్ళను తగ్గించాలంటే ఆడి జాతరలు జోరుగా ఉన్నప్పుడే పిల్లలు దించడం తగ్గించాలి. ధర చేతికందుతున్న వేళ ఎవరు తగ్గిస్తారు?

అంగట్లో కిలో ఎందుకంత

ఫారం దగ్గర కిలో 100 ఉంటే అంగట్లో స్కిన్‌లెస్ 210 ఎలా అయిందని కోపం రావడం సహజం. లెక్క వేసి చూద్దాం. రెండు కిలోల కోడి ఫారం దగ్గర 200. బండిలో మన దాకా వచ్చేసరికి నూటికి నాలుగు బరువు తరిగి 1.92 కిలోలు. బండి బాడుగ, మధ్య వ్యాపారి లాభం 20 అనుకుంటే అంగడికి 220. తోలు, ఈకలు, తల, కాళ్ళు, పేగులు పోను చేతికి వచ్చేది నూటికి 65 పాళ్ళు, దాదాపు 1.25 కిలోలు. అంటే కొట్టువాడికి కిలో 176 పడింది. అతను 210కి అమ్మితే ఒక్కో కోడి మీద 42 రూపాయలు. అందులో కొట్టు అద్దె, కోసేవారి కూలి, కరెంటు, వ్యర్థం పారబోసే ఖర్చు, సాయంత్రానికి మిగిలిపోయినదాని నష్టం. ఆదివారం నూరు కోళ్ళు కోసే అంగడికి ఇది చాలు. మంగళవారం పది కోళ్ళు కోసే అంగడికి చాలదు. ఫారం ధర ఇరవై పడితే మన బోర్డు మీద మరుసటి రోజే తగ్గదన్నది కూడా నిజమే. ఆ రెండు మూడు రోజులే చిన్న అంగళ్ళు కాస్త ఊపిరి పీల్చుకునేది.

జబ్బు, ఎండ, నీళ్ళు

2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ మన దేశంలో తొలిసారి బయటపడింది. మనకు దగ్గరగా 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది. తడ దాటితే మన తాలూకాయే కాబట్టి అటువైపు జబ్బు వచ్చిన ప్రతిసారీ ఇటువైపు అమ్మకం పడిపోతుంది. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదు. అయినా జనం కొనరు, భయంతో వాదించి లాభం లేదు. 2020 తొలి నెలల్లో కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారుకే ధరలు నేలకు జారాయి, కొన్నిచోట్ల పిల్లలను గోతుల్లో పూడ్చారు. జబ్బు నిర్ధారణ అయిన చోట ప్రభుత్వం చంపించిన కోళ్ళకు పరిహారం ఇస్తుంది. కోడి కంపెనీది అయినప్పుడు ఆ పరిహారం ఎవరికి వెళుతుంది, నెలల తరబడి మూతపడే షెడ్డుకు ఏమిటి అన్నది ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు అడగాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైనవి ఎండ, వాన, ఉప్పు. కత్తిరి ఎండల్లో రేకుల షెడ్డు కింద నాలుగు వారాలు దాటిన కోడి తట్టుకోవడం కష్టం. ఒక్క మధ్యాహ్నం కరెంటు పోయి ఫాగర్లు ఆగితే బ్యాచ్ లాభమంతా పోతుంది. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలని పెద్దలు చెప్పేది వాస్తు కోసం కాదు, పక్కగోడల మీద ఎండ పడకుండా. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను వానలు తిరువళ్ళూరు జిల్లాను ముంచెత్తాయి. ఆ తరువాతి కనుమకు అమ్ముడుపోవలసిన కోళ్ళు సరిగ్గా ఆ వారంలోనే పిల్లలుగా షెడ్లలోకి దిగాల్సినవి. పల్లపు పొలంలో షెడ్డు వేయాలనుకునేవారు ఆ వారం తమ పొలంలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గుర్తు చేసుకోవాలి, ఫ్లోరు అంతకు రెండడుగులైనా పైన ఉండాలి.

నీళ్ళ సంగతి చాలామంది ఆఖరున చూస్తారు. కోడి తిన్న మేతకు రెండింతలు నీళ్ళు తాగుతుంది. చివరి వారంలో 5,000 కోళ్ళకు రోజుకు 1,800 లీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఆరణి, కొసస్థలై నదుల దిగువన మీంజూరు వైపు సముద్రపు ఉప్పునీరు భూగర్భంలోకి చొచ్చుకొచ్చిందన్నది ఎన్నో అధ్యయనాల్లో తేలిన విషయం. ఉప్పునీళ్ళు తాగిన కోడి పలుచగా విసర్జిస్తుంది, ఊక తడుస్తుంది, అమ్మోనియా వాసన లేస్తుంది, కోడి కాళ్ళూ ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి. ఎఫ్.సి.ఆర్. పెరిగి కోత పడేది రైతు కూలిలోనే. షెడ్డుకు కొలతలు వేసేముందే బోరు నీళ్ళు పరీక్ష చేయించడం మంచిది.

కాగితం మీద ఏముండాలి

తమిళనాడు ప్రభుత్వం 2019లో కాంట్రాక్టు సేద్యానికి ఒక చట్టం చేసింది.  దాని పేరులోనే పంటలతోపాటు పశుసంపద అన్న మాట కూడా ఉంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండడం, అధికారి దగ్గర నమోదు కావడం, ముందుగా ఒప్పుకున్న ధర మార్కెట్ పడినా తగ్గకపోవడం దాని ఉద్దేశం. మీ చేతికి వచ్చిన కాగితం ఆ చట్టం కింద నమోదు అవుతుందా లేదా అని మొదటి రోజే అడగండి.

మన ఇళ్ళలో ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. పెద్దలకు తెలుగు చదవడం వచ్చు, పిల్లలు తమిళం చదువుకున్నారు, కాగితమేమో తరచుగా ఇంగ్లీషులో వస్తుంది. ముగ్గురూ ఒకచోట కూర్చొని ప్రతి వరుసా చదివించుకోవాలి. సంతకం ఆ తరువాతే. ఏడాదికి కనీసం ఎన్ని బ్యాచ్‌లు, రెండు బ్యాచ్‌ల మధ్య గరిష్ఠంగా ఎన్ని రోజులు, ఆలస్యమైతే షెడ్డుకు ఏమైనా కడతారా అన్నవి రాయించాలి. పిల్ల దిగిన మొదటి వారంలో చచ్చినవి పిల్ల లోపమా, పెంపకం లోపమా అన్నది ఎవరు తేల్చాలో ఉండాలి. మేత బస్తా దించేటప్పుడు, కోడి ఎత్తేటప్పుడు తూకం రైతు కళ్ళముందే జరగాలి. ఏ కాటా మీద, ఏ వేళ అన్నది కూడా రాయాలి, రాత్రి మేత ఆపి ఉదయం ఆలస్యంగా ఎత్తితే తగ్గే బరువు రైతు కూలిలోనే తగ్గుతుంది. కోళ్ళు ఎత్తిన తరువాత ఎన్ని రోజుల్లో డబ్బు బ్యాంకులో పడాలో ఉండాలి. ఖాళీ చెక్కులు, సంతకం చేసిన ఖాళీ స్టాంపు కాగితాలు అడిగితే ఇవ్వవద్దు. "అందరూ ఇస్తారు" అన్నది ఇవ్వడానికి కారణం కాదు.

5,000కు మించిన కోళ్ళ ఫారాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలన్న నిబంధన ఉంది. 5,000 షెడ్డు పక్కన రెండో షెడ్డు వేయమని సలహా ఇచ్చేవారు ఈ మాట చెప్పరు. పంచాయతీ అనుమతి, పొరుగు ఇళ్ళకు దూరం, ఈగల గురించి ఊళ్ళో వచ్చే ఫిర్యాదులు కూడా ముందే చూసుకోవాలి. బోరుకున్న వ్యవసాయ కరెంటును షెడ్డుకు వాడుకోవచ్చునా అన్నది విద్యుత్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, పక్క షెడ్డు వాడు వాడుతున్నాడు కదా అని వాడకండి.

షెడ్డు అప్పుకు ఇల్లున్న స్థలాన్ని తాకట్టు పెట్టకుండా, ఆ పొలాన్నే చూపించి ఎంత అప్పు వస్తుందో అంతలోనే షెడ్డు సైజు నిర్ణయించుకోవాలన్నది మా సలహా. 5,000 కోళ్ళకు బదులు 3,000తో మొదలుపెట్టవచ్చు, అంత చిన్న షెడ్డుకు పిల్లలు దించడానికి ఒప్పుకుంటారా అన్నది కంపెనీని అడగాలి. పక్క ఊళ్ళో ఇప్పటికే షెడ్డు నడుపుతున్నవారి ఇంటికి వెళ్ళి గత రెండేళ్ళ సెటిల్‌మెంట్ చీటీలు చూపించమని అడగండి. ఏ తేదీన పిల్ల దిగింది, ఏ తేదీన కోడి ఎత్తారు, మళ్ళీ ఏ తేదీన పిల్ల దిగింది, కోతలు ఎంత అన్నవన్నీ ఆ చీటీల్లోనే ఉంటాయి.